ముల్లు అప్పుడే ఎత్తనివ్వని మా బావ

మా బావ పోయారు.

ఫోన్ మోగితే నాకు మొదటి నుంచీ గుండె దడ. ఎవరికి ఏమైందోనని చేతులు తుడుచుకుని, లోపల దేవుణ్ణి తలుచుకుని గానీ ఎత్తను. ఆ పొద్దున మాత్రం గ్యాస్ సిలిండర్ వస్తుందని చెప్పి ఉన్నారు. తెచ్చే మనిషి వీధి చివర నిలబడి ఇల్లు అడుగుతున్నాడనుకుని, పిండి చేత్తోనే, ఏ భయమూ లేకుండా ఎత్తాను. "చిన్నమ్మా" అన్నాడు మా అక్క కొడుకు. "నాయన కాఫీ తాగినాడు. గ్లాసు కింద పెట్టి గోడకానుకున్నాడు. అంతే" అన్నాడు.

కడపలో కొడుకింట్లో, తెల్లవారిన వెలుతురులో, మంచం మీద కూర్చునే పోయారు. ఎప్పుడే కబురు వినాల్సి వస్తుందోనని బతుకంతా బెదిరినదాన్ని. తీరా ఆ కబురు వచ్చేసరికి సిలిండర్ గురించి ఆలోచిస్తూ ఉన్నాను.

మీలో చాలామంది ఆయన్ని చూసి ఉండరు. కమలాపురం దగ్గర మా ఊళ్లో, బడిలో డ్రిల్లు సారుగా పనిచేసి దిగిన మనిషి. ఆయనకు ఈల అక్కర్లేదు. మైదానంలో నిలబడి "అటెన్షన్" అంటే వీధిలో పాలు పోసే ఆమె కూడా నిటారుగా నిలబడేదని ఊళ్లో నవ్వుకునేవారు. గుసగుసలాడటం ఆయనకు చేతకాదు. ఎవరికైనా రహస్యం చెబుతున్నారంటే మూడిళ్ల అవతల వాళ్లకు కూడా ఆ రహస్యం తెలిసిపోయేది.

ఆయన మా అక్కను చేసుకున్నప్పుడు నేను పలక పట్టుకుని తిరిగే పిల్లని. అప్పుడు పాపా అని పిలిచారు. నాకు పెళ్లయి, పిల్లలు కలగక, మా ఆయన పోయి, కట్టుడు పళ్లు వచ్చినా పాపా అనే పిలిచారు. మా ఆయన పోయాక వాళ్ల పెరట్లోనే నాకొక గది వేయించారు. గది వేసేటప్పుడు నేను గోడ పడుతుందేమో, పైకప్పు కారుతుందేమో, ఇరుగుపొరుగు ఏమంటారోనని రోజూ ఏడ్చేదాన్ని. బావ నవ్వేవారు. "భయపడడం గూడా ఒక పనే పాపా. ఇంటికొకరు చెయ్యల్ల. నువ్వు చేస్తాండావు గదా, మేమంతా నిద్రపోతాం" అనేవారు. ఆ మాట నన్ను ఎగతాళి చేయడానికి అన్నారని ముందు అనుకున్నాను. తర్వాత తర్వాత అది నాకు ఇంట్లో ఒక చోటు ఇచ్చినట్టు అనిపించింది.

ఆయనకు మా అక్క పూర్తిగా విరుద్ధం. దాని గొంతు దాని కొంగు దాటి వచ్చేది కాదు. కూరగాయల బండి వాణ్ణి పిలవాలంటే నన్ను పంపేది. అలాంటి మనిషి చర్చిలో పాటలు పాడేది, కానీ గుంపులో, వెనక వరసలో.

అక్కకు ఒక అలవాటు ఉండేది. అది చెప్పకపోతే మీకు మిగతాది ఏమీ తెలియదు. అన్నం ముందు బావ ప్రార్థన చేసేవారు. ఆయన ఆమేన్ అనగానే మేమంతా ఆమేన్ అని కంచంలో చెయ్యి పెట్టబోయేవాళ్లం. అక్క కళ్లు తెరిచేది కాదు. బావ ప్రార్థన అయ్యాక తనదొకటి లోపల్లోపల మొదలుపెట్టేది. అందులో ఎవరెవరి పేర్లు ఉండేవో, ఏమేం అడిగేదో ఎవరికీ చెప్పలేదు. అదంతా అయ్యాక, కడుపులోకి చెప్పుకున్నట్టు, ఆమేన్ అనేది. అప్పటిదాకా బావ మమ్మల్ని కంచం ముట్టనిచ్చేవారు కాదు.

"ఉండండి. ఇంగా ఒకరుండారు" అనేవారు.

"సంగటి ఆరిపోతాండాది అక్కా. మన పేర్లన్నీ దేవునికి తెలుసులే" అని నేను సణిగేదాన్ని.

"తెలిస్తే మాత్రం అడగొద్దా?" అనేది అక్క, కళ్లు తెరిచి.

మేమందరం వయసులో ఉన్న రోజుల్లో, ఊరూరా చర్చి పాటలు పట్టుకునే వాళ్లు ఒక వ్యానులో మా ఊరికి వచ్చారు. పాటను మిషన్‌లోకి ఎక్కించుకుని పోయి గ్రామఫోన్ ప్లేటుగా చేసి పంపిస్తారని చెప్పారు. చర్చి చుట్టూ కోళ్లను తరిమారు. ఫ్యాన్లు ఆపేశారు. ఆడవాళ్లంతా ముసుగులు సర్దుకుని మూడు వరసల్లో నిలబడ్డారు. నేను పాడేదాన్ని కాదు, భయానికి గొంతు ఆరిపోతుంది. అక్క కొడుకు అప్పుడు చంటివాడు. వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, వీడు ఎక్కడ ఏడుస్తాడోనని, చివరి బెంచీ మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

వాడు ఏడవలేదు. పాట చక్కగా సాగింది. చివర అందరూ కలిసి ఆమేన్ అన్నారు. మిషన్ ఆయన చెయ్యి పైకెత్తి ఉంది. ఆ చెయ్యి దిగేదాకా ఎవరూ మెదలకూడదని ముందే చెప్పి ఉన్నారు. ఎవరూ మెదల్లేదు. ఆ నిశ్శబ్దంలో వెనక వరస నుంచి, అందరిదీ అయిపోయాక, ఒక్క గొంతు వచ్చింది.

"ఆమేన్."

పాటలు నేర్పే ఆయన వెనక్కి తిరిగి చూశారు. అక్క ముసుగు ముక్కుదాకా లాక్కుంది. మళ్లీ పాడిద్దామంటే టేపు అయిపోయిందన్నారు. పక్క ఊరివాళ్లు కాచుకుని ఉన్నారు. ఆ పాట అలాగే ప్లేటుకు ఎక్కింది.

కొన్ని నెలలకు ప్లేటు వచ్చింది. జొన్నరొట్టె అంత ఉండేది. అక్క దాన్ని తీసుకుపోయి ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టింది. "అందరి ముందరా నా పరువు పోయింది. దాన్ని ఇంగ బయటికి తియ్యొద్దు" అని ఏడ్చింది. బావ తీశారు. సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్సు ఖాళీ చేసి పోతున్న ఒకాయన దగ్గర రికార్డు ప్లేయరు, దానికి ఆంప్లిఫయరు, రెండు చెక్క స్పీకర్లు బండిలో వేసుకొచ్చారు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ ప్లేటు వేసేవారు. పాట అయిపోగానే నేను ప్లేటు మీది ముల్లు ఎత్తబోతే చెయ్యి పట్టుకునేవారు. "ఉండు పాపా. ఇంగా ఒకరుండారు."

అక్క వంటింట్లోంచి, "ఆపండి సామీ, ఎవరన్నా వింటారు" అనేది.

"వినల్లనే గదా పెట్టింది. గుంపులో పాడింది వాళ్లంతా. ఒంటిగా పాడింది నువ్వొక్కదానివే" అనేవారు బావ, వీధంతా వినపడేలా.

అక్క పోయి కొన్నేళ్లయింది. అక్క పోయిన ఆ ఏడాదే, ఎండాకాలంలో గాలివాన వచ్చి, కరెంటు ఎక్కువై, ఆంప్లిఫయరులోంచి పొగ వచ్చింది. ఉరుము వినపడితే ప్లగ్గులన్నీ పీకేది నేనే. ఆ సాయంత్రం నేను రాజంపేటలో పెళ్లికి పోయి ఉన్నాను. వచ్చేసరికి ఇల్లంతా కమురు వాసన. బావ స్పీకర్ల ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. పాత సామాను పోయిందని కాదు ఆయన బాధ. అక్క ఫోటోలు ఉన్నాయి, చీరలు ఉన్నాయి. గొంతు మాత్రం ఆ ప్లేటు చివర తప్ప ఇంకెక్కడా లేదు. దాన్ని మళ్లీ వినగలమా లేదా అన్నదే ఆయన బాధ. చెవులు కూడా అప్పటికే కొంచెం కొంచెం మందగిస్తున్నాయి. ఆ సంగతి ఆయన ఒప్పుకోలేదు గానీ నాకు తెలుసు.

కొడుకు కొత్త ఆంప్లిఫయరు తెచ్చి పెట్టాడు. పల్చగా, నీలం దీపంతో, చూడటానికి బాగుంది. ఫోన్‌లో పాట పెడితే తీగ లేకుండానే ఇల్లు అదిరేలా మోగింది. ప్లేయరు తీగలు దానికి తగిలించి ప్లేటు వేస్తే మాత్రం, పాడేవాళ్లంతా పెన్న అవతలి గట్టు మీద నిలబడి పాడుతున్నట్టు ఉంది. సౌండు పెంచే గుండ్రటి మీట చివరిదాకా తిప్పారు. పాట కొంచెం దగ్గరికొచ్చింది. చివర ఆమేన్ తర్వాత గరగర తప్ప ఏమీ లేదు.

"ప్లేటు పాతదైపోయింది నాయనా" అన్నాడు కొడుకు.

"నేను పాతది గాదా? నేను వినపడటంల్యా నీకు?" అన్నారు బావ.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే ధ్యాస, సౌండు పెరగాలి. ముల్లును మెత్తటి బ్రష్షుతో తుడిచారు. తీగలు పీకి మళ్లీ పెట్టారు. ఒకరోజు ముల్లు ఉండే చెయ్యి మీద రూపాయి బిళ్ల పెట్టి రబ్బరు బ్యాండు చుట్టారు. పెళ్లిళ్లలో మైకుసెట్టు వాళ్లు అలా పెట్టడం చూశారట.

"బరువు పెడితే ముల్లు గట్టిగా దిగుతాది. గట్టిగా దిగితే గట్టిగా పలుకుతాది" అన్నారు.

"మడక మీద బరువు పెడితే దున్నే చాలు లోతవుతాది గానీ, గింజలు ఎక్కువ కాస్తాయా బావా? ప్లేటు గీసుకుపోతాదేమో" అన్నాను.

"నీ పని నువ్వు చేస్తాండావు. నా పని నన్ను చేసుకోనీ" అన్నారు.

సౌండు పెరగలేదు.

కొడుకు ఇంకో దారి చెప్పాడు. కడపలో ఒక షాపు వాళ్లు పాత ప్లేట్లు ఫోన్‌లోకి ఎక్కించి ఇస్తారట. బావ ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోలేదు. దారిలో విరిగితే? ఎండకు వంగితే? చివరికి ప్లేటును రెండు అట్టల మధ్య పెట్టి, నా నూలు చీర చుట్టి, బస్సులో ఒళ్లోనే పెట్టుకోమని వాడి చేత మాట తీసుకుని పంపాను. అది తిరిగి వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు.

ప్లేటు క్షేమంగా వచ్చింది. పాట ఫోన్‌లో వచ్చింది. కొడుకు సంతోషంగా పెట్టి వినిపించాడు. నిజంగా బాగుంది. ఒక్క గరగర లేదు. నిన్న పాడినట్టు ఉంది. అందరూ ఆమేన్ అన్నారు. బావ ఫోన్ చెవికి ఆనించుకుని ఆగారు. ఇంకా ఆగారు. ఫోన్‌లో దీపం ఆరిపోయింది.

"షాపు వాళ్లు శానా శుభ్రం చేసినారు నాయనా. పాటకు సంబంధం లేని శబ్దాలన్నీ తీసేసినారు" అన్నాడు కొడుకు.

"ఊఁ" అన్నారు బావ. "ఆ శబ్దాలతో పాటు మీ అమ్మను గూడా ఊడ్చేసినారప్పా."

కోపంగా అనలేదు. కానీ అది వినగానే వాడి మొహం మారిపోయింది. అప్పటిదాకా వాడికి తెలియదు, నాయన సౌండు సౌండని ఎందుకు పీక్కుంటున్నాడో. అమ్మ ఆలస్యంగా ఆమేన్ అంటుందని తెలుసు. అది ప్లేటులో ఉందని తెలియదు. ఊహ తెలిసేసరికి చదువుకని హాస్టల్లో ఉన్నాడు పాపం. "మళ్లా ఒకసారి, ఏమీ తియ్యకుండా ఎక్కియ్యమని చెప్తా" అన్నాడు. బావ ప్లేటు తీసుకుని నా చీరతోనే తుడిచారు. "వద్దు లేప్పా. ఆమె ఒకసారి ఇల్లు దాటింది చాలు. ఇంట్లోనే చూసుకుందాం" అన్నారు.

మైకుసెట్టు భాయ్‌ని పిలిపించింది అప్పుడే. బడిలో ఆటల పోటీలకు మైకు పెట్టిన నాటి నుంచీ ఆయనా బావా స్నేహితులు. ఆయన వచ్చి, టీ తాగి, ప్లేటు విని, ముందు పెద్ద సలహానే ఇచ్చాడు.

"మిద్దె మీద హార్ను కడదాం సార్."

"వద్దు భాయ్. మా అక్క ఇంట్లో మాట్లాడేదానికే సిగ్గుపడేది. ప్రొద్దుటూరు దాకా ఎందుకు?" అన్నాను.

భాయ్ నవ్వి, ఆంప్లిఫయరు వెనక్కి టార్చిలైటు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అర్థమాయె సార్. ముల్లులోంచి వచ్చే సౌండు శానా సన్నం. పాత ఆంప్లిఫయరులో దానికంటూ వేరే బొక్క ఉండె. ఆడ పెడితే లోపలనే పెంచుకునేది. ఈ కొత్తదాంట్లో ఆ బొక్కే ల్యా. మీరు ఫోనూ టీవీ పెట్టే బొక్కలో పెట్టినారు. అదేమో, వచ్చింది పెద్ద సౌండే అనుకోని అట్లనే పంపిస్తాండాది. మధ్యలో చిన్న డబ్బా ఒకటి కావల్ల, సన్నంగా వచ్చేదాన్ని పెద్దది చేసేదానికి" అన్నాడు. తర్వాత ముల్లు చెయ్యి మీది రూపాయి బిళ్ల చూశాడు. "ఇది మాత్రం తియ్యండి. మేం గూడా పెట్టేవాళ్లం, ముల్లు దుమకకుండా. సౌండు రాదు దీంతో. ప్లేటు అరుగుతాది."

బావ వెంటనే తీసేశారు. బిళ్ల చేతిలో పట్టుకుని, "ఎంత అరిగింటాది భాయ్?" అన్నారు. అంత మెల్లగా మాట్లాడగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఎవరు చెప్తారు సార్. వేసిన ప్రతిసారీ కొంచెం అరిగేదే."

నాకు ఆ రోజు నుంచి ఇంకో భయం పట్టుకుంది. అక్క గొంతు ఉన్నది ప్లేటు చిట్టచివర, అదీ ఒక వెంట్రుక మందం. సౌండు వచ్చేలోపల అదే అరిగిపోతే? బావకూ అదే భయం పట్టుకుందని నాకు తెలిసింది, ఎందుకంటే ఆయన ప్లేటు వేయడం మానేశారు. డబ్బా వచ్చేదాకా దాన్ని కవరులోంచి తియ్యలేదు. ఆ ఒక్కసారి ఆ ఇంట్లో భయపడే పని ఇద్దరం చేశాం.

డబ్బాను కొడుకు బెంగుళూరు నుంచి తెప్పించాడు. అగ్గిపెట్టెలు నాలుగు పక్కపక్కన పెడితే ఎంతో అంతే. భాయ్ వచ్చి ప్లేయరుకూ ఆంప్లిఫయరుకూ మధ్యన తగిలించాడు. ముల్లు పెట్టగానే, గట్టు అవతల ఉన్నవాళ్లంతా ఒక్కసారి మా ఇంట్లోకి వచ్చి నిలబడ్డారు. బావ తొడ మీద చరుచుకున్నారు. కానీ పాటతో పాటు బూఁ అని ఒక మోత కూడా లేచింది, తేనెపట్టు దగ్గర నిలబడినట్టు. అందరూ ఆమేన్ అన్నారు. తర్వాత ఆ మోతే. అక్క ఉన్నా ఆ మోత కిందే ఉంది.

భాయ్ తీగలు కదిపి చూశాడు. ప్లగ్గు తిప్పి పెట్టాడు. మోత పోలేదు. నేను తలుపు దగ్గర నిలబడి ఎప్పటి నుంచో చెబుతున్నదే మళ్లీ చెప్పాను.

"భాయ్, ఆ వెనక ఊరికే ఏలాడే తీగ సంగతి ఒకటి చూడప్పా. ఎలక కొరికినా, ఎవరి కాలికన్నా తగిలినా షాక్ కొడతాది. మా బావ వినడు."

"యా తీగమ్మా?"

ప్లేయరు పెట్టిన పొట్టి బీరువా వెనక చెయ్యి పెట్టి లాగాను. ప్లేయరు నుంచి వచ్చే సన్నటి తీగ అది. కొత్త ఆంప్లిఫయరుకు దాన్ని పెట్టే చోటు కనపడక ఊరికే వదిలేశారు. నేను రోజూ గొడవ పెడుతుంటే, నా నోరు మూయించడానికి బావ దాని కొసకు నల్ల టేపు దండిగా చుట్టి బీరువా వెనకకు తోసేశారు. భాయ్ దాన్ని చేతిలోకి తీసుకుని బావ వైపు చూశాడు.

"సార్, దీనికి టేపు చుట్టింది ఎవరు?"

"నేనే. చుట్టించింది ఈమె భయం" అన్నారు బావ.

"ఇది ఎర్తు తీగ సార్. ఇది కట్టకుంటే ఈ మోత పోదు."

టేపు ఊడదీసి, డబ్బా వెనక ఉన్న చిన్న మర కింద ఆ తీగ పెట్టి బిగించాడు. మోత ఆగిపోయింది. ఇంట్లో అంతసేపూ తిరుగుతున్న ఫ్యాను ఎవరో ఆపినట్టు అయింది. భాయ్ నా వైపు తిరిగి, "అమ్మా, మీకు ఇంగేమన్నా భయాలుంటే చెప్పండి. ఇంగేమేం బాగైతాయో చూస్తాం" అన్నాడు. బావ నవ్విన నవ్వుకు పక్కింటి వాళ్లు తొంగి చూశారు.

స్పీకరూ ప్లేయరూ ఒకే బీరువా మీద ఉంటే ముల్లు అదురుతుందని భాయ్ చెప్పి పోయాడు. బావ వారంలోనే గోడలోకి కడప బండ ఒకటి వేయించి ప్లేయరును దాని మీదికి మార్చారు. "ఇంగ ఏనుగు నడిచినా కదలదు" అన్నారు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా ప్లేటు వేశారు. పాట అయింది. అందరూ ఆమేన్ అన్నారు. సన్నగా గరగర. ఆ గరగరలో, నా చెవికి స్పష్టంగా, మా అక్క. బావ వైపు చూశాను. ఆయన చెయ్యి పైకెత్తి ఉంచారు, ఆ రోజు చర్చిలో మిషన్ ఆయన ఎత్తినట్టు. ముల్లు చివరి గాడిలో పడి టక్కు టక్కుమంటోంది.

"వచ్చెనా?" అన్నారు.

"వచ్చింది బావా."

"నాకు రాల్యా."

ప్లేయరు బాగైంది, డబ్బా బాగైంది. మిగిలింది ఆయన చెవులే. కడపలో డాక్టరు చెవి మిషన్ ఇచ్చి ఉన్నాడు. అది పెట్టుకుంటే పాట గిన్నెలు దొర్లించినట్టు ఉంటుందని తీసి పారేశారు. మీట ఇంకా తిప్పుదామంటే గుంపు పాట భరించలేనంత అవుతుంది, స్పీకరు చిరుగుతుందేమోనని నాకు బెంగ. బావ కుర్చీలో కూర్చుని కాసేపు గడ్డం రుద్దుకున్నారు. తర్వాత నన్ను పిలిచి మీట దగ్గర నిలబెట్టారు.

"పాటంతా చిన్నగ ఉండనీ. అందరి ఆమేన్ అయిపోతానే నువ్వు మీట కడదాకా తిప్పు. మీ అక్క అన్నాక మళ్లా తగ్గించు, ల్యాకుంటే ముల్లు గాడిలో పడి ఢామ్మంటాది. ముందుగా తిప్పితే వాళ్లంతా నా చెవిలో అరుస్తారు. ఆలస్యం చేస్తే మీ అక్క పోతాది."

రోడ్డు దాటడానికి పక్కవాళ్ల చెయ్యి పట్టుకునే మనిషిని నేను. "నా చేత గాదు బావా" అన్నాను.

"నీ చేతనే అయ్యేది. ఏమన్నా అయితాదేమోనని కనిపెట్టుకోని ఉండేది మన ఇంట్లో నువ్వొక్కదానివే గదా."

మొదటిసారి ఆలస్యం చేశాను. మళ్లీ వేద్దామంటే బావ వద్దన్నారు, అరుగుతుందని. ఇంకో ఆదివారం దాకా ఆగాం. ఆ వారమంతా నేను వంటింట్లో ఊరగాయ సీసా మూత పట్టుకుని, ఆ పాట లోపల పాడుకుంటూ, చివర తిప్పి చూసుకుంటూ ఉన్నాను. పొయ్యి మీద పాలు పొంగి పోయినా చూసుకోలేదు.

ఆదివారం వచ్చింది. బావ ముల్లు దించి, కుర్చీ స్పీకరు దగ్గరికి లాక్కుని చెవి ఆనించారు. నేను మీట పట్టుకుని నిలబడ్డాను. పాట అయింది. అందరూ ఆమేన్ అన్నారు. తిప్పాను. గరగర ఒక్కసారి జొన్న చేల మీద వానలా పెద్దదైంది. ఆ వానలోంచి మా అక్క, ఇల్లంతా నిండేలా, ఆమేన్ అంది. బతికినన్నాళ్లూ అది అంత గట్టిగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు.

మీట తగ్గించాను. బావ స్పీకరు వైపు చూస్తూనే ఉన్నారు. కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది.

"మెల్లగ అను మే. వినపడతాండాది" అన్నారు, స్పీకరుతో.

తర్వాత లేచి, ముల్లు ఎత్తి, "పా పాపా, ఇంగ అన్నం తిందాం" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే. ఒక్కసారే వేసేవాళ్లం, రెండోసారి ఎంత అనిపించినా వేసేవాళ్లం కాదు. ఎవరైనా చుట్టాలు వచ్చి పాట కాగానే ముల్లు ఎత్తబోతే, డ్రిల్లు సారు గొంతు మళ్లీ వచ్చేది. "ఉండప్పా, ఇంగా ఒకరుండారు." ఒక ఆదివారం నేను జ్వరంతో పడుకుంటే ఆయన ప్లేటు వేయలేదు. గంజి తెచ్చి ఇచ్చి, "ఇది ఒకరి పని గాదు పాపా. ముల్లుకొకరు, మీటకొకరు ఉండల్ల" అన్నారు. గంజి చల్లారేదాకా మంచం పక్కనే కూర్చున్నారు.

ఆయాసంగా ఉందని కొడుకు కడపకు తీసుకుపోయాడు. బయల్దేరేటప్పుడు కారు ఎక్కబోయి మళ్లీ లోపలికొచ్చి ప్లేయరు మీద నా నూలు చీర కప్పారు. "దుమ్ము పడకుండా చూసుకో. నేనొచ్చినాక వేద్దాం" అన్నారు. ఎప్పుడొస్తావని అడిగితే మంచిది కాదేమోనని అడగలేదు.

ఆయన్ని ఊళ్లోనే, అక్క సమాధి పక్కనే పెట్టారు. ఎండ. తవ్వి పోసిన రాతిమట్టి వేడిగా ఉంది. ప్రభువునందు నిద్రించారని పాస్టరుగారు చెప్పారు, మంచి మాటలు చెప్పారు, ప్రార్థన చేశారు. భాయ్ కూడా టోపీ పెట్టుకుని తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు.

జనం మెల్లగా కదిలారు. గొడుగులు విప్పుకునే చప్పుడు. అక్క కొడుకు వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"పోదాం పా చిన్నమ్మా. ఎండ ఎక్కువైతాండాది."

కొంగు చాటున నా కుడిచెయ్యి దానంతటదే కదులుతోంది. వేళ్లు దగ్గరికి మూసుకుని, ఏదో గుండ్రటిదాన్ని పట్టుకున్నట్టు, మెల్లగా పక్కకు తిరుగుతున్నాయి. వాడు దాన్ని చూశాడు.

"ఉండు నాయనా" అన్నాను. "ఇంగా ఒకరుండారు."

వాడు చెప్పులు విడిచి, నా పక్కన, ఆ రెండు సమాధుల వైపు తిరిగి నిలబడ్డాడు.